గాలి రోజున పులికాట్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

స్వర్ణోత్సవ కార్యక్రమాల్లో భాగంగా సంక్రాంతి సెలవుల తర్వాత మన బడి తొమ్మిదో తరగతి పిల్లల్ని పులికాట్ సరస్సుకు తీసుకెళ్లాం. ఆ విశేషాలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. విశేషం ఏమిటంటే, ఆ రోజు విపరీతమైన గాలి. టోపీలు ఎగిరిపోయాయి. గొడుగులు తిరగబడ్డాయి. బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుంటే చేయి నిలవలేదు. మామూలు రోజున కనబడే పక్షుల్లో సగం కూడా కనబడలేదు. అయినా, నేను పులికాట్‌కు వెళ్లిన రోజులన్నింటిలో ఆ సరస్సు గురించి నాకు ఎక్కువ నేర్పింది ఆ రోజే. అదెలాగో చెప్పడానికే ఈ ఇరవై నిమిషాలు వాడుకుంటాను.

ముందు ఆ చోటు గురించి రెండు మాటలు. మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఉప్పునీరు అన్నానే గానీ, అది పూర్తిగా సముద్రమూ కాదు, పూర్తిగా చెరువూ కాదు. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నుంచి మంచినీళ్లు వస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రపు నీళ్లు వస్తాయి. రెండూ కలిసే చోటు అది. తూర్పున శ్రీహరికోట దీవి అడ్డుగోడలా నిలబడి సరస్సును బంగాళాఖాతం నుంచి వేరు చేస్తుంది. ఉత్తర దక్షిణాలుగా పొడవు సుమారు 60 కిలోమీటర్లు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉన్నాయి. మన వైపు భాగాన్ని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. ఒకప్పుడు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోమని పిల్లలకు బస్సులోనే చెప్పాను. అంత పెద్ద సరస్సు సగటు లోతు ఒక మీటరు. అంటే తొమ్మిదో తరగతి పిల్లవాడి నడుము దాకా. మిగతా కథంతా ఈ ఒక్క మీటరులోనే ఉంది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది. రాకెట్ కేంద్రం కోసం వేసిన గట్టు అది. ఆ గట్టు సరస్సును ఉత్తర భాగం, దక్షిణ భాగం అని రెండుగా విడదీసింది. దాని మీద అటకానితిప్ప దగ్గర నిలబడితే మామూలుగా రెండు వైపులా రాజహంసలు కనబడతాయి. ఫ్లెమింగో అంటే ఈ కాలం పిల్లలకు త్వరగా తెలుస్తుంది. మేం వెళ్లేసరికి గట్టు మీద గాలి తప్ప ఏమీ లేదు. ఉత్తరం వైపు నీళ్లు బురదరంగులో ఉన్నాయి. అలలు గట్టు రాళ్లను కొడుతున్నాయి. ఒక్క పడవ కూడా నీళ్లలో లేదు. "పక్షులేవి సార్?" అని పిల్లలు. "ఇంకో రోజు వద్దామా?" అని మాతో వచ్చిన పెద్దలు.

అక్కడ గట్టు వారన వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన ఉన్నాడు. మా పిల్లవాడొకడు వెళ్లి, "తాతా, పక్షులన్నీ ఎటుపోయినాయి?" అని అడిగాడు. ఆయన తల ఎత్తకుండానే, "గాలి ఏ పక్క నించి కొడతా ఉందో చూడబ్బయ్యా. నీళ్లు ఎదర పక్కకి పోతాయి. నీళ్లు తీసిన చోట పిట్టలు దిగుతాయి" అన్నాడు.

మేం గట్టు దాటి దక్షిణం వైపు దిగి చూశాం. ఆయన చెప్పినట్టే ఉంది. గాలి ఈశాన్యం నుంచి వస్తోంది. ఉత్తర భాగంలో అది నీళ్లను నెట్టుకొచ్చి గట్టుకు ఆనించింది. దక్షిణ భాగంలో అదే గాలి నీళ్లను గట్టు నుంచి దూరంగా నెట్టేసింది. నిన్నటిదాకా నీళ్ల కింద ఉన్న బురద ఇవాళ బయటపడి, చాలా దూరం వరకు నిగనిగలాడుతోంది. పైగా అది గట్టుకు గాలి చాటు. అక్కడున్నాయి పక్షులు. పిల్లలకు ముందు కనబడలేదు, ఎందుకంటే అవి ఎగరడం లేదు. బురద రంగులోనే ఉండే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు వందల్లో, అన్నీ ఒకే దిక్కుకు ముక్కుపెట్టి కూర్చున్నాయి.

సైన్సు టీచర్లకు ఒక మనవి. ఇది తరగతి గదిలో చూపించవచ్చు. వెడల్పాటి పళ్లెంలో వేలి మందాన నీళ్లు పోసి ఒక అంచు నుంచి ఊదమనండి. ఊదిన వైపు పళ్లెం అడుగు కనబడుతుంది, ఎదర అంచున నీళ్లు పేరుకుంటాయి. లోతైన బిందెలో ఎంత ఊదినా అడుగు కనబడదు. పులికాట్ పళ్లెం లాంటిది. అందుకే అక్కడ తీరం ఒక గీత కాదు. పోటు వస్తే ఒకచోట, ఆటు వస్తే ఒకచోట, గాలి తిరిగితే ఇంకోచోట ఉంటుంది. పక్షులు ఆ కదిలే అంచును వెంబడిస్తూ బతుకుతాయి.

గాలికి ఎదురుగా ముఖం పెట్టి ఎందుకు కూర్చుంటాయని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. పక్షి ఒంటి మీద ఈకలు ముందు నుంచి వెనక్కి, మన ఇంటి పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. గాలి ముందు నుంచి వస్తే ఈకలు ఒంటికి అతుక్కుని లోపలి వెచ్చదనం పోదు. వెనక నుంచి వస్తే ఈకలు లేచిపోయి చలి లోపలికి దిగుతుంది. రెండో కారణం, ప్రమాదం వస్తే ఎదురుగాలిలోకి లేవడం సులువు. విమానం కూడా ఎదురుగాలిలోకే లేస్తుంది. కాబట్టి గాలి రోజున దిక్సూచి అక్కర్లేదు, కూర్చున్న పక్షిని చూస్తే చాలు.

తర్వాత మేం గమనించింది ఇంకా ఆసక్తికరమైనది. ఆ రోజు కొన్ని పక్షులు హాయిగా మేస్తున్నాయి, కొన్ని ఊరికే నిలబడి ఉన్నాయి. తెల్లకొంగలు నీటి అంచున మెడ ముడుచుకుని నిలుచున్నాయి. గూడబాతులు ఈదుతున్నాయే గానీ ముక్కు ముంచడం లేదు. అదే నీళ్లలో రాజహంసలు తల కిందికి పెట్టి మేస్తూనే ఉన్నాయి. ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు నోరు కొంచెం తెరిచి నీళ్లలో పెట్టి నడుస్తూనే ఉన్నాయి. కారణం ఒక్కటే. తెల్లకొంగ, గూడబాతు చేపను కంటితో చూసి పట్టుకుంటాయి. గాలికి బురద లేచి నీళ్లు కలకబారితే వాటికి ఆ పూట పస్తు. ఎర్రకాళ్ల కొంగకు, తెడ్డుమూతి కొంగకు చూడాల్సిన పనే లేదు. తెరిచిన ముక్కు మధ్య చేప తగిలితే టక్కున మూసుకుంటుంది. నల్లతోక గాడ్విట్ తన పొడుగాటి ముక్కును బురదలో దింపి, కొసతోనే పురుగును పసిగడుతుంది. ఇక రాజహంస కాళ్లతో తనే బురద కలుపుకుని, ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో నీళ్లు లోపలికి లాగి బయటికి నెడుతుంది. ముక్కులోని జల్లెడలో నాచు, సన్న రొయ్యల వంటి జీవులు మిగులుతాయి. దాని గులాబీ రంగు కూడా ఆ తిండిలోంచి వచ్చిందే.

ఒకే సరస్సు, ఒకే గాలి. ఒకరికి పండగ, ఒకరికి పస్తు. పిల్లలు తమ నోటుపుస్తకాల్లో రెండు వరసలు రాసుకున్నారు. ఒకవైపు చూపుతో బతికేవి, ఇంకోవైపు స్పర్శతో బతికేవి. ఎండ కాసి నీళ్లు అద్దంలా ఉన్న రోజున ఈ తేడా ఎంతసేపు చూసినా తెలియదు. అన్నీ కలిసి మేస్తుంటాయి.

అలా చూస్తున్నప్పుడే రోడ్డు మీద ఒక కారు ఆగింది. అందులో వాళ్లు దిగి, ఫోన్లు సిద్ధం చేసుకుని, హారన్ మోగించి, చప్పట్లు కొట్టారు. ఉద్దేశం చెడ్డది కాదు. రాజహంసలు రెక్క విప్పితే కనబడే ఎర్రటి రంగును ఫొటో తీసుకోవాలని. గుంపంతా లేచింది. రాజహంస నిలబడిన చోటు నుంచి ఎగరలేదు. నీళ్ల మీద కొన్ని అడుగులు పరుగెత్తి లేవాలి. లేచాక గాలికి ఎదురు ఈడ్చుకుంటూ, ముందుకు పోలేక, చివరికి గాలి వాటాన కొట్టుకుపోయి చాలా దూరంలో దిగాయి. అక్కడ చాటు లేదు. మళ్లీ ఒక్కొక్కటీ తిరిగి రావడానికి అరగంట పైన పట్టింది. ఫొటో తీసుకున్నవాళ్లు అప్పటికే శ్రీహరికోట వైపు వెళ్లిపోయారు.

పిల్లలు ఆ అరగంటా చూశారు. నేను ఉపన్యాసం చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాను. ఈ నీళ్లలో ఉన్న సూదితోక బాతులు సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి వచ్చినవి. వేసవి ముందు మళ్లీ అంత దూరం తిరిగి వెళ్లాలి. ఆ ప్రయాణానికి పెట్రోలు ఒంట్లోని కొవ్వే. గాలి రోజున దొరికే తిండి తక్కువ, ఒంటికి అయ్యే ఖర్చు ఎక్కువ. అలాంటి రోజున మనం ఒక్కసారి లేపితే వాటి జేబులోంచి కొంత తీసుకున్నట్టే. చట్టం మాట కూడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో పక్షుల్ని వేధించడం నేరం. కానీ చట్టం కంటే ఆ అరగంట బాగా చెప్పింది.

మధ్యాహ్నం నేలపట్టు వెళ్లాం. సూళ్లూరుపేటకు ఉత్తరంగా, జాతీయ రహదారికి దగ్గర్లోనే ఉంటుంది. అభయారణ్యం విస్తీర్ణం 458 హెక్టార్లకు కాస్త ఎక్కువ. దీన్ని కూడా 1976లోనే అభయారణ్యం చేశారు. ఇది మంచినీటి చెరువు. చెరువులోనే కడప చెట్లు మునిగి నిలబడి ఉంటాయి. వాటి మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. మన దేశంలో గూడబాతులు పిల్లలు చేసే ముఖ్యమైన చోట్లలో ఇది ఒకటి. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు, చీకటి కొంగలు కూడా అవే చెట్ల మీద కాపురం. గాలికి కొమ్మలు ఊగుతుంటే గూడబాతు పిల్లలు గూటికి అతుక్కుపోయి పడుకున్నాయి. పొద్దున పులికాట్‌లో ముక్కు ముంచకుండా నిలిచిపోయిన పక్షులు గుర్తొచ్చాయి మాకు. నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు చేపల వేటకు పులికాట్ దాకా వెళ్తాయి. అంటే అక్కడ నీళ్లు కలకబారితే ఇక్కడ గూట్లో పిల్లకు ఆకలి. మామూలు రోజున ఎండ వేడికి లేచే గాలి మీద రెక్క ఆడించకుండా తేలుతూ వెళ్లే గూడబాతులు, ఆ మబ్బు పట్టిన గాలి రోజున చెట్ల ఎత్తులోనే రెక్కలు బరువుగా కొట్టుకుంటూ వచ్చి గూళ్ల మీద వాలాయి.

మిత్రులారా, నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇక్కడుంది. పక్షుల్ని కాపాడటం అంటే మనకు ఒక చెట్టో, ఒక తిప్పో, కంచె వేసిన ఒక చెరువో గుర్తొస్తుంది. గాలి రోజున చూస్తే ఆ లెక్క సరిపోదు. ఇవాళ ఈశాన్య గాలి కాబట్టి ఈ అంచు బయటపడింది. రేపు గాలి తిరిగితే ఇంకో అంచు కావాలి. వానాకాలంలో ఒకటి, ఎండాకాలంలో ఇంకొకటి. ఏ ఒక్క రోజు వెళ్లి చూసినా సరస్సులో చాలా భాగం ఖాళీగా, ఎందుకూ పనికిరాని పర్రలా కనబడుతుంది. ఖాళీగా ఉందని ఒక అంచును పూడ్చినా, గట్టు వేసినా, ఏదో ఒక గాలికి పక్షులకు నిలబడే చోటు లేకుండా చేసినట్టే. పనికిరాదనుకున్న నేలే గాలి రోజున అక్కరకొస్తుంది.

ఈ దృష్టితో చూస్తే సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. రొయ్యల చెరువుల కేసు అది. చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండకూడదని చెప్పింది. అందులో నేలపట్టు పేరు కూడా విడిగా ఉంది. నీళ్లకు మాత్రమే కాదు, నీళ్ల అంచుకు కూడా విలువ ఉందని ఒప్పుకున్న తీర్పుగా నేను దాన్ని గౌరవిస్తాను.

ముఖద్వారాల సంగతీ అంతే. రాయదొరువు వైపు ముఖద్వారం ఇసుక మేటలతో పూడిపోతే సముద్రపు నీళ్లు సరిగా లోపలికి రావు. వేసవిలో ఉత్తర భాగం ఎండి, నెర్రెలిచ్చి, ఉప్పు తేలుతుంది. రొయ్య, చేప పిల్లలు సముద్రంలోంచి వచ్చి సరస్సులో పెరుగుతాయి. దారి మూసుకుపోతే అవి రావు. పూడిక తీయమని అక్కడి మత్స్యకారులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. వాళ్లు తమ వల కోసం అడుగుతున్నారు, నిజమే. కానీ వాళ్ల వలలో పడేదీ, నేలపట్టు గూట్లో పిల్ల తినేదీ ఒకే చేప. మత్స్యకారులకూ పక్షులకూ పోటీ అని చెప్పేవాళ్లు ఈ సంగతి ఒకసారి చూడాలి.

గట్టు వారన పెద్దాయన చెప్పిన మాటను నేను ఇంత పట్టుకోవడానికి కారణం ఉంది. మన ప్రాంతపు పక్షుల గురించి తొలినాళ్లలో రాసినవారిలో జెర్డన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఒకరు. నెల్లూరులో ఉద్యోగం చేశారు. 1862 నుంచి 1864 వరకు అచ్చయిన ఆయన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' గ్రంథంలో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా ఇచ్చారు. ఆ పేర్లు ఆయన పుట్టించినవి కావు. ఇక్కడి వేటగాళ్లు, పల్లెకారులు వాడుతున్నవే. ఆయన పేరు మీదున్న కలివికోడి అంతరించిపోయిందని అందరూ అనుకున్నాక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దొరికింది ఐతన్న అనే స్థానిక వేటగాడి చేతికి. పుస్తకం చదివినవాళ్లకు నేల తెలిసినవాళ్లు తోడు కావాలి. మన బడి పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో అలాంటి తాతలు, అమ్మమ్మలు ఉన్నారు. వాళ్లు వాడే పిట్టల పేర్లు రాసి పెట్టుకునే పని మనం ఇంకా మొదలుపెట్టలేదు.

అందుకని స్వర్ణోత్సవ సందర్భంగా సంఘానికి నా విన్నపాలు మూడు. ఖర్చు ఎక్కువేం కాదు.

మొదటిది, ఏడాదికి ఒక్కసారి కాదు, మూడుసార్లు పిల్లల్ని పులికాట్ తీసుకెళ్దాం. వానల తర్వాత ఒకసారి, జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. మంచి వాతావరణం కోసం తేదీ మార్చవద్దు. తుపాను హెచ్చరిక ఉంటే తప్ప, గాలి ఉన్నా వెళ్దాం.

రెండోది, బడి గ్రంథాలయంలో ఒక పెద్ద పుస్తకం పెడదాం. వెళ్లిన ప్రతిసారీ తేదీ, గాలి దిక్కు, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి, ఏ పక్షులు ఎన్ని, ఏం చేస్తున్నాయి అని రాయాలి. ఊళ్లో వాళ్లు వాడే పేరు ఒక గడిలో. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. మన పిల్లలు లెక్కపెట్టడం నేర్చుకుంటే ఆ గణనలో చేయి వేయగలరు. ఒక్క ఏడాది లెక్కతో పెద్దగా తెలియదు. ఇరవై ఏళ్ల లెక్క ఉంటే సరస్సుకు ఏమవుతోందో మన బడే సాక్ష్యం చెప్పగలదు.

మూడోది, రెండు బైనాక్యులర్లు, ఒక టెలిస్కోపు, గట్టి స్టాండు కొందాం. గాలికి ఊగని స్టాండు. దానికి నా వంతు నేను ఇక్కడే ప్రకటిస్తున్నాను. మా బ్యాచ్ వాళ్లు తలలు పక్కకు తిప్పుకోకండి, మీ దగ్గరకు కూడా వస్తాను.

పిల్లలకు చివరగా కొన్ని పనికొచ్చే మాటలు. గాలి రోజున వెళ్లినప్పుడు ముందు గాలి దిక్కు చూడండి, తర్వాత చాటు ఎక్కడుందో చూడండి. గట్టు, తిప్ప, చెట్ల వరస, ఏదైనా సరే. మీరు కూడా చాటున కింద కూర్చోండి. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి బైనాక్యులర్ పట్టుకుంటే చేయి ఊగదు. చెవులు ఆ రోజు పనిచేయవు కాబట్టి కళ్లకు రెట్టింపు సమయం ఇవ్వండి. ఎగరని పక్షిని చూడటం నేర్చుకోండి. అది ఎటు చూస్తోంది, మేస్తోందా, పస్తుందా అని అడగండి. అది లేచిందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారని అర్థం.

 ఏప్రిల్ యాత్రకు పేర్లు ఇవ్వదలచినవారు భోజనాల దగ్గర నన్ను కలవండి. బస్సులో పెద్దలకు కూడా సీట్లు ఉన్నాయి.